నమ్మకమైన పాత ఆటగానిని ఇచ్చివేయవచ్చునా?

హాకీ యనగానే మన బాలురకు పచ్చిక మైదానమును, వంపు కఱ్ఱయు, ధ్యాన్ చంద్ పేరును జ్ఞప్తికి వచ్చును. మేమిప్పుడు చెప్పబోవునది ఆ హాకీ కాదు. కెనడాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోను మంచుగడ్డపై ఆడెడి హాకీ. అచ్చటి ఆటగాండ్రు అడుగున ఉక్కు పలకలమర్చిన జోళ్లు తొడిగి మంచుపై జారుచు, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్లను కఱ్ఱలతో కొట్టుదురు. ఆ బిళ్లకు పక్ అని పేరు. గోలు కాచువానితో గూడ పక్షమునకు ఆరుగురు చొప్పున మంచుపై నుందురు. ఇరువది నిమిషముల భాగములు మూడు గలవు. ఆట వేగమెంతటిదనగా, ఎంతటి బలశాలియైనను ఒక నిమిషము లోపుననే ఆడి, బల్లయొద్దకు వచ్చి ఊపిరి పీల్చుకొని, మరల దిగవలసినదే. ఈ ఆటకు పెద్ద సంస్థ నేషనల్ హాకీ లీగు. అది 1917లో స్థాపింపబడెను. నేడందు 32 జట్లు గలవు. విజేతకు స్టాన్లీ కప్పు నిత్తురు.

దూరదేశపు ఆటలోని యొక ప్రశ్నను ఈ సంచికలో పాఠముగా ఎన్నుకొనుటకు కారణము గలదు. లెక్కయు, న్యాయమును, మనుష్య స్వభావమును ఒక్కచోట కలిసివచ్చు ప్రశ్నలు బడిపుస్తకములలో అరుదు. టొరాంటో, డాలస్ వంటి నగరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలకు ఈ ప్రశ్న వినని మాట కాదు. అది యిట్టిది: ఓడిపోవుచు, తన్ను తాను క్రొత్తగా కట్టుకొనుచున్న జట్టు, తనయొద్దనున్న నమ్మకమైన పాత ఆటగానిని బలమైన యొక జట్టునకిచ్చి, బదులుగా యువకులను పుచ్చుకొనవచ్చునా? లేక అతనిని ఉంచుకొనుటయే మేలా?

ముందుగా అచ్చటి కట్టుబాట్లు తెలియవలెను. ఐపీఎల్ క్రికెట్టులో ఆటగాండ్రను వేలము పాడుదురని మన బాలురెఱుగుదురు. మంచుహాకీలో వేలము లేదు. ఒక జట్టు తన ఆటగానిని, అతని జీతపు ఒడంబడికతో సహా, మఱియొక జట్టునకిచ్చి, దానికి బదులు పుచ్చుకొనును. దీనిని ట్రేడు అందురు. శీతకాలము చివర దీనికొక గడువు దినము గలదు. ఆ దినము దాటిన తరువాత తెచ్చుకొన్నవాడు ఆ యేటి కప్పు పోటీలలో ఆడరాదు. కావున గడువునకు ముందు వారములలో బేరములు మిక్కుటముగా జరుగును.

రెండవ కట్టుబాటు డ్రాఫ్టు. 1963లో ప్రారంభమైన ఈ పద్ధతి ప్రకారము, జట్లు ఏటేట సుమారు పదునెనిమిదేండ్ల యువకులను వంతులవారీగా ఏరుకొనును. నేడు ఏడు వంతులు నడచుచున్నవి. ప్రతి వంతులోను ఓడిన జట్టు ముందు, కప్పు గెలిచిన జట్టు చివర. మొదటి వంతులోని తొలి స్థానములకు మాత్రము చీట్లు వేయుదురు. జట్టు తన రాబోవు వంతును కూడ ట్రేడులో ఇచ్చివేయవచ్చును. ఈ నియమమును చదువరులు మనసున నుంచుకొనవలెను. మా వాదమంతయు దీనిమీదనే తిరుగును. మూడవది, 2005–06 నుండి ప్రతి జట్టు చెల్లించు మొత్తము జీతములకు పరిమితి యేర్పడెను. ధనవంతులైన యజమానులు సహితము అందఱిని ఉంచుకొనజాలరు.

ఇక నమ్మకమైన పాత ఆటగాడనగా ఎవడు? పత్రికలలో పెద్ద అక్షరములతో పేరు పడువాడే కానక్కఱలేదు. ముప్పదియేండ్లు దాటినవాడు, తరచుగా వెనుక కాపలా ఆడువాడు. అరువది నిమిషములలో ఇరువది నిమిషములకు పైగా మంచుపై నుండును. తనవారిలో ఒకడు శిక్షపొంది బయట కూర్చుండగా, తక్కువమందితో ఎదుటివారిని నిలువరించువాడు. అతడున్నపుడు అతని విలువ కనబడదు, లేనపుడే కనబడును. ఇంటిలో నీళ్లకడవ నింపువారిని ఎవరు మెచ్చుకొందురు? కడవ ఖాళీయైన దినముననే వారి మాట వచ్చును.

ఇప్పుడు లెక్క చూతము. జట్టు అడుగున నున్నది. తెచ్చుకొన్న పదునెనిమిదేండ్ల యువకుడు పూర్ణముగా పనికివచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. జట్టు నిలువదొక్కుకొనుటకు అయిదేండ్లని యనుకొందము. మన పాత ఆటగానికి ఇప్పుడు ముప్పదిరెండు. జట్టు గెలుచునాటికి అతనికి ముప్పదియేడు. ఆ వయసున మోకాళ్లు ఎట్లుండునో ఆటనెఱిగిన వారికి చెప్పనక్కఱలేదు. జట్టు గడియారమును, మనుష్యుని గడియారమును ఒక్క వేళ చూపుట లేదు. అతని బలమును నేడు ఉపయోగించుకొనగలది గెలువబోవు జట్టే గాని ఓడుచున్న జట్టు కాదు. కావున ఇచ్చివేయుటయే లాభమని లెక్క చెప్పుచున్నది.

లెక్క చెప్పినది నిజమే యనుటకు కాల్గరీ నగరపు ఫ్లేమ్స్ జట్టు సాక్ష్యమిచ్చును. 1989లో ఆ జట్టు కప్పు గెలుచుటలో పాలుపంచుకొని, తరువాత కాప్టెనైన జో న్యూయెన్‌డైక్ అనునతనికి 1995లో జీతమును గూర్చి యాజమాన్యముతో పొసగక, ఆట మాని కూర్చుండెను. అప్పటికి వయసు ఇరువది తొమ్మిది. ఆ డిసెంబరులో కాల్గరీవారు అతనిని డాలస్ జట్టునకిచ్చి, కోరీ మిల్లెన్ అనువానిని, దానితోపాటు ఆ వేసవిలోనే డాలస్‌వారు డ్రాఫ్టులో 11వ స్థానమున ఏరుకొన్న పదునెనిమిదేండ్ల బాలుని పుచ్చుకొనిరి. ఆ బాలుని పేరు జెరోమ్ ఇగిన్లా. అతడు కాల్గరీకి 1,219 ఆటలాడి 525 గోళ్లు చేసెను, 2003లో కాప్టెనాయెను, 2004లో జట్టును కప్పు తుదిపోటీ ఏడవ ఆట వరకు తీసికొనిపోయెను. న్యూయెన్‌డైక్ 1999లో డాలస్‌తో కప్పు గెలిచి, ఆ పోటీలలో ఉత్తమ ఆటగాడను బహుమానము నందెను. ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును ఇరువురును బాగుపడిన బేరమిది. ఇట్టివి అరుదు.

అదే కాల్గరీ కథ ఇంతటితో ముగిసియుండినచో మా పాఠము సులభమయ్యెడిది. 2010, 2011, 2012 సంవత్సరములలో వరుసగా ఆ జట్టు కప్పు పోటీలలో ప్రవేశింపలేకపోయెను. ఇగిన్లాకు ముప్పది దాటెను. ఊరివారికతడు ప్రాణము, ఇచ్చివేయుటకు యాజమాన్యమునకు మనసు రాలేదు, ఇచ్చినచో ప్రజలేమందురో యను భయమును ఉండియుండవచ్చును. తుదకు 2013 మార్చిలో, అతని ఒడంబడిక ముగియుటకు కొన్ని నెలలే మిగిలియుండగా, ముప్పదియైదేండ్ల వయసున పిట్స్‌బర్గ్ జట్టునకిచ్చిరి. వచ్చినది ఇద్దఱు యువకులును, పిట్స్‌బర్గ్‌వారి మొదటి వంతును. ఆ వంతు 28వ స్థానమున పడెను. ఆ ముగ్గురిలో నొక్కడును కాల్గరీలో నిలువదొక్కుకొనలేదు.

ఈ రెండు బేరములను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఒకే జట్టు, ఒకే పని. మొదటి దానిలో ఇంత లాభమును, రెండవ దానిలో ఇంత నష్టమును ఎందుకు కలిగెను? అదృష్టమని కొందఱందురు. అదృష్టమునకును పాలు గలదు, మేము కాదనము. అయినను రెండు కారణములు స్పష్టముగా కనబడుచున్నవి. మొదటిది కాలము. ఇరువది తొమ్మిదేండ్లవానికి ఎదుటివారు పెద్ద వెల యిత్తురు. కొన్ని నెలలలో ఒడంబడిక ముగియు ముప్పదియైదేండ్లవానికి ఈయరు. రెండవది మన బాలురు గమనింపని కారణము. పాత ఆటగానిని కోరి వచ్చునది ఎట్టి జట్టు? ఆ యేడే కప్పు గెలువగలమని నమ్మిన బలమైన జట్టు. బలమైన జట్టుయొక్క వంతు ఎచ్చట పడును? చివర. కావున "మొదటి వంతు" అని పెద్ద పేరుతో వచ్చునది నిజమునకు 22వదియో 28వదియో యగును. పేరు బంగారము, తూకము ఇత్తడి. ఇగిన్లా అట్లు వచ్చినవాడు కాడు. అతనిని అప్పటికే ఏరుకొనియుండిరి; అతడెవడో, ఎట్లు ఆడునో కాల్గరీవారు చూచియుండిరి. పేరు తెలియని వంతునకంటె ముఖమెఱిగిన యువకుని అడుగుట మేలని మా యభిప్రాయము.

పేరెఱిగిన యువకులందఱును నిలుతురని దీని యర్థము కాదు. న్యూయార్క్ రేంజర్స్ యాజమాన్యము 2018 ఫిబ్రవరిలో తమ అభిమానులకు బహిరంగముగా జాబు వ్రాసి, తాము జట్టును క్రొత్తగా కట్టబోవుచున్నామనియు, ప్రియమైన ఆటగాండ్రను కొందఱిని కోల్పోవలసియుండుననియు తెలిపిరి. ఈ నిష్కపటతను మేము మెచ్చుకొనుచున్నాము. ఆ నెలలోనే రిక్ నాష్‌ను బోస్టన్‌కిచ్చి తెచ్చుకొన్నవారిలో ర్యాన్ లిండ్‌గ్రెన్ అను యువకుడు తరువాత పెక్కేండ్లు వారి కాపలాకు ఆధారమాయెను. కాప్టెనైన ర్యాన్ మెక్‌డొనాను టాంపా బే జట్టునకిచ్చి తెచ్చుకొన్న యువకులు మాత్రము అట్లు నిలువలేదు. మెక్‌డొనా టాంపాతో 2020లోను 2021లోను కప్పు గెలిచెను. 2022లో రేంజర్స్ మరల బలపడి కప్పునకు రెండడుగుల దూరమునకు వచ్చినపుడు, వారిని ఓడించి పంపిన జట్టులో తమ పూర్వపు కాప్టెనే యుండెను!

బోస్టన్ కథ వేఱొక విధమైనది. రే బోర్క్‌ను బ్రూయిన్స్ జట్టువారు 1979 డ్రాఫ్టులో 8వ స్థానమున ఏరుకొనిరి. ఇరువదియేండ్లకు పైగా ఆ జట్టు కాపలా అతని భుజములమీద నడచెను. 1987లో జట్టు పూర్వవీరుడైన ఫిల్ ఎస్పొసీటో యొక్క 7వ నంబరును గౌరవార్థము ఎత్తికట్టిన సభలో, అంతవరకు ఆ నంబరునే ధరించుచున్న బోర్క్ తన చొక్కాను తీసి అతనికందించెను. లోపల 77 అను క్రొత్త నంబరు గల చొక్కా కనబడెను. అట్టి మనుష్యుడు 1988లోను 1990లోను తుదిపోటీ వరకు వచ్చి కప్పు నందలేకపోయెను. 2000 నాటికి జట్టు క్షీణించెను, అతనికి ముప్పదితొమ్మిది. తానే యడిగెను. ఆ మార్చి 6వ తేదీన జట్టు అతనిని కొలరాడోకు పంపెను. మరుసటి యేడు జూన్ 9న కొలరాడో కప్పు గెలిచెను. ఆచారము ప్రకారము కాప్టెన్ ముందుగా కప్పును తలపైకెత్తవలెను. కాప్టెన్ జో సాకిక్ దానిని అందుకొని, తానెత్తక, బోర్క్ చేతికిచ్చెను. నలువది యేండ్ల ఆ మనుష్యుడు దాని నెత్తిన దృశ్యమును ఆ దేశములవారు నేటికిని చెప్పుకొందురు. కొన్ని దినములకు అతడా కప్పును బోస్టన్ నగరమునకు తీసికొనిపోగా, ఓడిన ఊరివారు వేలకొలదిగా వచ్చి చూచిరి.

లెక్కను బట్టి చూచినచో బోస్టన్‌కు ఈ బేరము వలన వచ్చినది స్వల్పము. బ్రయన్ రోల్‌స్టన్ నాలుగేండ్లు బాగుగానే ఆడి వెడలిపోయెను. శామ్యూల్ పాల్సన్‌ను కొలది నెలలకే మఱియొక జట్టునకిచ్చిరి. అతడు 2007లో అచ్చట కప్పు గెలిచెను. వంతు 27వ స్థానమున పడెను. బోస్టన్‌వారికి కప్పు దక్కినది 2011లో, ఇతరుల చేతులమీదుగా. అయినను ఆ బేరము తప్పని మేమనజాలము. అది జట్టును కట్టుటకు చేసినది కాదు. ఇరువదియేండ్ల సేవకు ఋణము తీర్చుకొనుటకు చేసినది. ఇట్టి దానిని లెక్కపుస్తకములో ఏ వైపున వ్రాయవలెనో మా లెక్కల ఉపాధ్యాయులు చెప్పవలెను.

ఇచ్చట సున్నితమైన మాట యొకటి యున్నది. మనుష్యుని బజారు సరకువలె చేతులు మార్చుట తగునా? ఫిబ్రవరి నెలలో ఒకనాటి సాయంకాలము ఫోను వచ్చును. మరునాడతడు రెండువేల మైళ్ల దూరమున నుండవలెను. భార్య యుండును, ఇల్లుండును. బడి నడుమ ఊరు మారిన పిల్లవాడు క్రొత్త తరగతిలో వెనుక బల్లపై మౌనముగా కూర్చుండుట ఉపాధ్యాయులమైన మేమెఱుగుదుము. వారి జీతములు పెద్దవే. అయినను జీతము పిల్లవానికి స్నేహితులను కొనిపెట్టదు. ఇందువలననే పెద్ద ఆటగాండ్రు తమ యనుమతి లేనిదే పంపరాదని ఒడంబడికలో వ్రాయించుకొందురు. 2008 ఫిబ్రవరిలో టొరాంటో కాప్టెన్ మాట్స్ సుండిన్‌ను యాజమాన్యము అనుమతి యడుగగా అతడు నిరాకరించెను. కొన్ని నెలలకు మాత్రమే పరాయి జట్టులో చేరి కప్పు కోరుట తనకు సమ్మతము కాదనెను. వేసవిలో ఒడంబడిక ముగిసి అతడు వెడలిపోయెను. జట్టునకు బదులేమియు రాలేదు. నాడు అతనిని స్వార్థపరుడని దూషించినవారు గలరు. మేమట్లు తలంపము. వ్రాసియిచ్చిన మాటను నిలుపుమని కోరుట స్వార్థము కాదు. ఆ మాట నిచ్చిన నాడే యాజమాన్యము ఆలోచించుకొనవలసినది.

ఉంచుకొనుటకు అనుకూలముగా చెప్పదగిన మాటలలో ఎక్కువ బలమైనది బోధనకు సంబంధించినది. యువకుడు ఆటను ఎట్లు నేర్చును? కోచ్ పలకపై గీసిన గీతల వలన కొంత. ప్రక్కన ఆడువాని వలన అంతకంటె ఎక్కువ. ఇరువదియేండ్లవాడు త్వరపడి ముందుకు దూకినపుడు, అతడు విడిచిన చోటును కప్పువాడొకడు వెనుక నుండవలెను. అట్టివాడు లేనిచో ఆ తప్పు గోలగును. నాలుగు గోళ్లయిన తరువాత ఆ యువకుడు దూకుటయే మానును. బడిలోను ఇంతే గదా. అందఱును క్రొత్తవారైన తరగతికి అందఱును క్రొత్తవారైన ఉపాధ్యాయులను పంపినచో ఏమగునో మాకు తెలియును. మన పాఠశాల జట్టుకు ఏటేట ఇదే కష్టము. పదవ తరగతివారిని ఎవరికిని ఇచ్చివేయనక్కఱలేదు, కాలమే తీసికొనిపోవును.

ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు 2010, 2011, 2012 డ్రాఫ్టులలో మూడేండ్లు వరుసగా మొట్టమొదటి స్థానమున ఏరుకొనెను. అంతటి భాగ్యము మఱి యే జట్టునకు పట్టును? అయినను 2006–07 మొదలుకొని 2015–16 వరకు పదియేండ్లు ఆ జట్టు కప్పు పోటీల ముఖము చూడలేదు. దీనికి కారణములనేకములు, పెద్దలు చాలకపోవుట ఒక్కటియే యనము. కాని ప్రతిభగల పిల్లలను గుంపుగా చేర్చినంత మాత్రమున జట్టు కాదని యిది చూపుచున్నది. ఓటమికి అలవాటుపడిన పిల్లవానికి గెలుపు నేర్పుట, ఏమియు తెలియని వానికి నేర్పుటకంటె కష్టము.

కావున మా తీర్పు ఇది. ఇచ్చివేయవచ్చును, కాని అందఱిని కాదు, ఆలసించి కాదు, అతని సమ్మతి లేక కాదు. జట్టు గెలుచునాటికి అతడు ఆడలేడని లెక్క తేలినపుడు, ఒడంబడికలో ఇంకను ఒకటి రెండేండ్లు మిగిలియుండగనే ఇయ్యవలెను. బదులుగా ముఖమెఱిగిన యువకుడు రావలెను. అట్టివాడు రానిచో, ఊరకే చివరి వంతు కొఱకు నమ్మకస్థుని పోగొట్టుకొనుటకంటె, పిల్లల ప్రక్కన అతనిని నిలుపుటయే లాభము. ఇచ్చుటయా ఉంచుటయా యని వాదించువారు తఱచు ఒక్క మనుష్యునిగూర్చియే వాదింతురు. యాజమాన్యము చేయవలసిన పని ఎవరిని ఇయ్యవలెను, ఎవరిని నిలుపవలెనని జట్టునంతటిని ఎదుట పెట్టుకొని విభజించుట.

లాస్ ఏంజిలిస్ కింగ్స్ ఇట్లే చేసిరి. 2012లోను 2014లోను కప్పు గెలిచిన ఆ జట్టు తరువాత క్షీణించెను. 2019 జనవరిలో వారు జేక్ మజ్జిన్ అను కాపలాదారుని టొరాంటోకిచ్చి ఇద్దఱు యువకులను, ఒక మొదటి వంతును పుచ్చుకొనిరి. ఆ వంతు 22వది. 2020 ఫిబ్రవరిలో, 2014 కప్పును గెలిపించిన చివరి గోలు చేసిన అలెక్ మార్టినెజ్‌నే రెండు రెండవ వంతులకు వేగాస్ జట్టునకిచ్చిరి. ఆ గోలును మఱవని ఊరివారికి ఇది కష్టముగనే తోచియుండును. కాని కాప్టెన్ ఆంజె కోపిటార్‌ను మాత్రము కదలింపలేదు. 2020 డ్రాఫ్టులో రెండవ స్థానమున ఏరుకొన్న క్వింటన్ బైఫీల్డ్ అను యువకుని కొంతకాలమునకు కోపిటార్ ప్రక్కననే ఎడమవైపున ఆడించిరి. మూడేండ్లు బయట నిలిచిన ఆ జట్టు 2022లో మరల కప్పు పోటీలలో ప్రవేశించి, మొదటి వరుసలోనే ఏడు ఆటలు పోరాడి ఎడ్మంటన్ చేతిలో ఓడెను. మార్టినెజ్ 2023లో వేగాస్‌తో తన మూడవ కప్పు నెత్తెను. ఆ యేడు లాస్ ఏంజిలిస్‌లో కోపిటార్ ఇంకను కాప్టెనుగనే యుండెను, బైఫీల్డ్‌కు ఇరువదియేండ్లు.